ఉప్పుగాలి, వసకొమ్ము

2 డిసెంబరు 1972, మిర్యాలగూడ

ఈ డైరీ గోనెసంచుల కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చారు. పదకొండు నెలలుగా గల్లాపెట్టె కుంటికాలి కింద ఉంది. ఈరోజు బయటికి లాగి దుమ్ము దులిపాను. పెట్టె మళ్లీ ఊగుతోంది.

దగ్గు రోజూ ఎట్లా ఉన్నదో రాసిపెట్టుకోమని డాక్టరు చెప్పాడు, అందుకే తీశాను. నా వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "పుల్లయ్య సేట్, ముప్పై ఏండ్ల సంది ఊక దుమ్ము మింగుతున్నరు. పానం మీద ఆశ ఉంటే ఒక నెల మిల్లు మొఖం సూడకురి. యాడన్న ఇసుకల పొద్దుమాపు నడువుండ్రి" అన్నాడు. నేను లోపల గుండీలు పెట్టుకుంటుంటే కన్యకమ్మ బయట కంపౌండరుతో ఏదో మాట్లాడుతోంది. నేను రాగానే కంపౌండరు లేచి నిలబడ్డాడు. "సేట్, ఉప్పుగాలి అయితే ఇంక మంచిదట. డాక్టర్ సాబు చెప్పుడు మర్సిపోయిండు" అన్నాడు.

ఇందులో దగ్గు సంగతులే రాస్తాను. మిల్లు సంగతులు రాయను. సువర్ణ సంగతి అసలే రాయను.

5 డిసెంబరు

మా గుమాస్తా లక్ష్మీనర్సయ్యకు ఒక జబ్బు ఉంది. అడగనిదే సలహా ఇస్తాడు. "ఇసుకనే గావాలంటే వాడపల్లి లేదా సేట్? మూసి, కృష్ణ కలిసేకాడ మోకాలు దిగబడే ఇసుక. పొద్దుగాల పోయి పొద్దుగూకేవరకు ఇంటికి రావచ్చు" అన్నాడు.

"డాక్టరు ఉప్పుగాలి అన్నడు. కృష్ణల ఉప్పున్నదా?" అన్నాను.

"కృష్ణల లేదు. మూసిల ఉంటదేమో, పట్నం నీళ్లు కద" అన్నాడు.

చీరాల అవతల ఒక పాలెం ఉంది. సముద్రం ఒడ్డున మా వైశ్యుల సత్రం ఉందట. అక్కడికి వెళ్తున్నాను. ఆ పాలెం దగ్గరికే మురుగు కాలువల ఓవర్సీరుగా ఒకడు బదిలీ అయ్యాడని ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఓవర్సీరు ఉన్నాడని ఉప్పుగాలి వీయడం మానుతుందా?

రాయనన్న సంగతి ఒక్కసారి రాసేస్తే మళ్లీ రాయాల్సిన పని ఉండదు. సువర్ణ మా ఒక్కతే బిడ్డ. సాగర్ కాలువ పనికని ఆంధ్ర నుంచి వచ్చిన ఓవర్సీరు మిల్లు వెనక గది కిరాయికి తీసుకున్నాడు. కాలువకు గండి పడకుండా చూడవలసినవాడు మా ఇంటికి గండి కొట్టాడు. మన కులం కాదు, మన జిల్లా కాదు, మాట చివర 'అండీ' తగిలించే మనిషి. పోయిన జనవరి పన్నెండున ఇద్దరూ వెళ్లి రిజిస్ట్రారు దగ్గర పెళ్లి చేసుకున్నారు. నాకు బిడ్డే లేదని బజారు మొత్తం వినేటట్టు చెప్పాను. ఆ తర్వాత మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ విప్పకుండా వెనక్కి పంపాను. మూడోది కొంచెం మందంగా ఉంది.

అయిపోయింది. ఇక రాయను.

8 డిసెంబరు, కోదాడ

బస్సు మారడానికి దిగాను. బయలుదేరేటప్పుడు కన్యకమ్మ కందిపొడి, ఆవకాయ, రెండు దుప్పట్లు పెట్టి, చివర గట్టి ముడి వేసిన చిన్న మూట ఒకటి చేతికిచ్చింది. "ఇది దగ్గు మందు. ఊకె ఇప్పకురి. పానం పరేషాన్ అయినప్పుడే ఇప్పుండ్రి" అంది. వాడపల్లి ఎందుకు కాదని ఒక్కసారి కూడా అడగలేదు. అమాయకురాలు. నేను ఉప్పుగాలి అంటే ఉప్పుగాలే అనుకుంది.

హోటలు అతను టీ పెడుతూ, "అటు గొడవలుగా ఉందంటన్నారు సేట్. రేపో మాపో రైళ్లాపుతారంట. తెలంగాణోళ్లు ఇప్పుడటు ఎందుకెళ్తన్నారు?" అన్నాడు. "దగ్గుకు" అన్నాను. నన్ను ఒకసారి, నా సంచుల్ని ఒకసారి చూసి, టీలో అల్లం వేశాడు.

మూడేళ్ల కింద మావాళ్లు ఆంధ్రవాళ్లను పొమ్మన్నారు. ఇప్పుడు ఆంధ్రవాళ్లు మేమే పోతామంటున్నారు. ఇద్దరి కోరికా ఒకటే అయినప్పుడు కొట్లాట దేనికో నా బుర్రకు అందలేదు.

10 డిసెంబరు, పాలెం

రైలు, జట్కా, చివరి మైలు నా కాళ్లు. సత్రం అంటే రెండు గదులు, ఒక వసారా. తాళంచెవి ఈశ్వరమ్మ అనే ఆవిడ దగ్గర ఉంటుంది. ఊడ్చేది, మంచినీళ్లు తెచ్చేది ఆవిడే. మొగుడు పడవ మీద వేటకు వెళ్తాడు.

యాభై రెండేళ్లకు సముద్రం చూశాను. ఇన్ని నీళ్లు పెట్టుకొని ఒక్క మడి తడపదు. మా దగ్గర ఒడ్లు అంటే బస్తాల్లో ఉంటాయి. ఇక్కడ ఒడ్డు అంటే కంటికి ఆనినంత ఇసుక, మనిషి జాడ లేదు. చూశాను. దండం పెట్టాను. ముట్టుకోలేదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టరాదని మా నాయిన చెప్పేవాడు. ఆయన సముద్రం చూడకుండానే పోయాడు, నియమం మాత్రం నాకు ఇచ్చి పోయాడు.

11 డిసెంబరు

దగ్గు ఉంది. నడిచాను.

13 డిసెంబరు

నీళ్లకూ ఎండిన ఇసుకకూ మధ్య తడి ఇసుక గట్టిగా ఉంటుంది. నడవడానికి అదే మంచిది. బెత్తెడు పిట్టలు గుంపుగా అల వెనకాల పరుగెత్తుతాయి, అల తిరగబడితే వెనక్కి పరుగెత్తుతాయి. ధర పెరిగితే ముందుకు, తగ్గితే వెనక్కి ఉరికే మా అడ్తి బజారు బేరగాళ్లు గుర్తొచ్చారు. ఎర్ర ఎండ్రకాయలు వందల కొద్దీ బయట కూర్చొని ఉంటాయి, నా నీడ పడగానే బొక్కల్లో దూరిపోతాయి. ఇంకో చిన్న జాతి, ఇసుకను కందిగింజలంత ఉండలు చేసి బొక్క చుట్టూ వరస పేరుస్తుంది. అల వచ్చి అంతా తుడిచేస్తుంది. మళ్లీ పేరుస్తుంది. మిల్లు నడపడం ఇంతకంటే తెలివైన పనేమీ కాదు.

దక్షిణంగా మైలున్నర నడిస్తే మురుగు కాలువ సముద్రంలో కలిసే చోటు వస్తుంది. ఇక్కడ దాన్ని మొగ అంటారు. అవతలి గట్టు మీద నీలం తలుపుల సర్కారు క్వార్టరు ఒకటి ఉంది. అది ఎవరిదో నేను అడగలేదు. ఈశ్వరమ్మ అడగకుండానే చెప్పింది, ఓవర్సీరు గారిదట. ఇంటి ముందు తీగ మీద చిన్నచిన్న తెల్ల గుడ్డపేలికలు బోలెడన్ని ఆరేసి ఉన్నాయి. ఒక ఓవర్సీరుకు తుడుచుకునే గుడ్డలు అన్ని ఎందుకో?

మొగలో ఉన్నది సముద్రపు నీరే. పర్వం కాకుండా దాటరాదు. రెండు మైళ్లు చుట్టి వస్తే వంతెన ఉందట. అయినా నేను దాటడానికి రాలేదు, నడవడానికి వచ్చాను. వెనక్కి తిరిగాను.

15 డిసెంబరు

ఈరోజు నవ్వులపాలయ్యాను. ఈశ్వరమ్మ బిందె దించుతూ, "పిల్లలెందరండీ?" అంది.

"ఒక్క బిడ్డ" అన్నాను. నోరు జారింది.

"బిడ్డా? ఈ వయసులోనా? పాలు తాగుతోందాండీ?" అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మా దగ్గర బిడ్డ అంటే కూతురు. ఆమెకు నలభై ఏళ్లొచ్చినా బిడ్డే. వీళ్ల దగ్గర చంటిపిల్లకే ఆ పేరు. అదే చెప్పాను. "అయితే మీ బిడ్డ పెద్దదేనన్నమాట. ఎక్కడిచ్చారండీ?" అంది.

దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాను. ఆవిడ బిందె తీసుకొని వెళ్లిపోయింది. దగ్గు వల్ల ఒక్కోసారి లాభమే.

18 డిసెంబరు

రైళ్లు ఆగిపోయాయి. బస్సులు కూడా లేవు. సర్కారు ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారట. డాక్టరు నెల అన్నా నేను పది రోజులకనే వచ్చాను. అనుకోకుండా ఇరుక్కుపోయాను. కోదాడ హోటలు అతను చెప్పిన మాట అప్పుడు నాకు సరిగా వినపడలేదు.

పాలెం సెంటర్లో టీ తాగేటప్పుడు నోరు విప్పడం లేదు. మొన్న "జర చక్కెర తక్కువ ఎయ్యి" అనగానే నలుగురు తిరిగి చూశారు. ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "తెలంగాణా అండీ?" అన్నాడు. అయిపోయింది అనుకున్నాను. "మీ వైపు బియ్యం బాగుంటాయండీ" అని, నా టీ డబ్బులు తనే ఇచ్చి పోయాడు.

20 డిసెంబరు, పౌర్ణమి

ఈరోజు సముద్రాన్ని ముట్టవచ్చు. మొగ దాటవచ్చు. తువాలు భుజాన వేసుకొని వెళ్లాను. ఓవర్సీరు అవతలి గట్టు మీద లుంగీలో నిలబడి ఉన్నాడు. సమ్మె కదా, పనిలేదు. కొంచెం చిక్కాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. సముద్రస్నానం దంపతులు కలిసి చేస్తేనే ఫలం అని అప్పుడు గుర్తొచ్చింది. కన్యకమ్మ లేకుండా నేనొక్కణ్ణే పుణ్యం మూటగట్టుకోవడం స్వార్థం అవుతుంది. వెనక్కి వచ్చాను.

ఆమె బయటికి రాలేదు.

ఆమె అంటే ఎవరో కాదు. ఎవరైనా.

24 డిసెంబరు

రాత్రంతా దగ్గు. పొద్దున మూట విప్పాను. లోపల ఒక వసకొమ్ము, ఒక వెండి ఉగ్గుగిన్నె, పాత నూలు చీర చింపిన మెత్తటి గుడ్డలు ఐదారు ఉన్నాయి. కన్యకమ్మ పద్ధతి ఎప్పుడూ పాతదే. వసకొమ్ము గొంతుకన్నమాట. గిన్నె కషాయం కొలతకు. గుడ్డలు మెడకు చుట్టుకోవడానికి. మూడూ అట్లాగే వాడాను. వస అరగదీసి నాకితే నాలుక మొద్దుబారింది. ఆ గిన్నెతో కషాయం తాగడం కష్టం, ముక్కులోకి పోతుంది. ఏదో ఒకటి, మందు మందే.

27 డిసెంబరు

నడిచాను. మొగ దాకా. వెనక్కి.

31 డిసెంబరు

రోజూ గవ్వలు ఏరుతున్నాను. ఊరికే. మచ్చు చూడటం ముప్పై ఏళ్ల అలవాటు, ఒడ్లు దొరక్కపోతే గవ్వలు. విరిగినవి నూకల కింద తీసేస్తాను. మంచివి తువాలు కొంగున కడతాను. పచ్చీసు ఆటకు ఆరు కావాలి, ఒక్క తీరువి. ఐదు దొరికాయి. సువర్ణ చిన్నప్పుడు పచ్చీసులో దొంగాట ఆడేది. వేసిన గవ్వను మోకాలితో తిప్పేది. నేను చూడనట్టు ఉండేవాణ్ణి. అంత కళ్ల ముందు జరిగే దొంగాట చూడనట్టు ఉండటం అలవాటైతే, పెద్ద దొంగాట వచ్చినప్పుడు నిజంగానే కనపడదు.

ఆమె సంగతి రాయనని రాసిన పేజీ వెనక్కి తిప్పి చూశాను. ఉంది.

1 జనవరి 1973

డైరీ అయిపోయింది. కొత్తది మిర్యాలగూడలో గల్లాపెట్టె కింద చేరి ఉంటుంది. మొదటి పేజీకి తిరిగి వచ్చాను. పోయిన జనవరి పేజీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. పైన అచ్చేసిన వారం తప్పు, తేదీ ఒప్పు. సర్దుకోవచ్చు.

4 జనవరి, అమావాస్య

ఈరోజు కూడా సముద్రాన్ని ముట్టవచ్చు. దగ్గు ఎక్కువగా ఉంది. నిజానికి అంత ఎక్కువ లేదు.

9 జనవరి

పొద్దున్నే ఇసుకలో ట్రాక్టరు జాడ కనపడింది. నీళ్లలోంచి తిన్నగా పైకి వచ్చి, మెత్తటి ఇసుకలో చుట్టు తిరిగి, మళ్లీ నీళ్లలోకి దిగింది. టైరు గాట్లు స్పష్టంగా ఉన్నాయి. ఒక చక్రం జాడే ఉంది, రెండోది ఊడిపోయి ఉంటుంది. రిపేరుకు వచ్చిన బండిని ఎవడో మూర్ఖుడు సముద్రంలోకి నడిపాడు. లక్షణమైన బండి మునిగిపోయిందని గుండె తరుక్కుపోయింది. ఈశ్వరమ్మను కేకేసి, "ఎవరి ట్రాక్టరు? మనిషి దక్కిండా?" అన్నాను.

ఆవిడ ఇసుకలో కూలబడి నవ్వింది. "ట్రాక్టరు కాదండీ బాబూ, తాబేలు. గుడ్లు పెట్టడానికొచ్చింది."

ఇసుక కొంచెం తవ్వి చూపించింది. తెల్లగా, గుండ్రంగా, నిమ్మకాయలంత గుడ్లు. మళ్లీ కప్పేసింది. తల్లి ఏదని అడిగాను. వెళ్లిపోయిందట. పెట్టి, పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా పోతుందట. పిల్లలు వాటంతట అవే బయటికి వచ్చి నీళ్లలో పడతాయట. నాకు ఒళ్లు మండింది. అదేం తల్లి? కన్నాక మంచీ చెడ్డా చూడకుండా పోవడమేమిటి? ఏ కుక్క తవ్వుకుపోతుందో, ఏ గద్ద తన్నుకుపోతుందో అన్న చింత లేదా? ఈ మాటే గట్టిగా అన్నాను.

"తల్లి చూడకపోయినా పిల్లలు మర్చిపోవండీ. పెద్దయ్యాక గుడ్లు పెట్టాలంటే ఎన్ని వందల మైళ్లయినా ఈదుకుంటా పుట్టిన ఇసక్కే వస్తాయంటారు" అంది.

తాబేలును తిట్టినంత గట్టిగా ఆ మూడు ఉత్తరాలు వెనక్కి పంపినవాణ్ణి ఎవరూ తిట్టలేదని అనిపించింది. ఇదీ దగ్గు సంగతే.

12 జనవరి, శుక్రవారం, అష్టమి

ఈ పేజీ మీద బుధవారం అని అచ్చు ఉంది. పోయిన ఏడాది ఈ పేజీ ఖాళీ. సువర్ణ వెళ్లిన ఆరోజు రాయవలసింది జరిగింది కానీ రాయలేదు. ఈరోజు వరసగా రాస్తాను.

పొద్దున బియ్యం కడుగుతున్నాను. ఈశ్వరమ్మ పరుగున వచ్చింది. "ఓవర్సీరు గారింట్లో బిడ్డకి బాగోలేదంటండీ! ఒళ్లు కాలిపోతోందంట. డాక్టరు కోసం సైకిలు మీద వెళ్లారంట. బస్సుల్లేవు, రైళ్లు లేవు, డాక్టరెక్కణ్ణించి వస్తాడు?" అంది.

బియ్యం గిన్నె ఎక్కడ పెట్టానో తెలియదు. నాకు ఒకే మాట వినపడింది. బిడ్డకు బాగాలేదు. నా బిడ్డకు బాగాలేదు. ఒళ్లు కాలిపోతోంది. డాక్టరు లేడు.

ఇంట్లో ఉన్న మందు ఒక్కటే, కన్యకమ్మ మూట. అది చంకన పెట్టుకొని పరుగెత్తాను. యాభై రెండేళ్ల మనిషి, సగం తవుడు నిండిన ఊపిరితిత్తులు, మైలున్నర ఇసుక. దారి పొడుగునా ఎండ్రకాయలు బొక్కల్లో దూరుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే పరుగెత్తాను. నాకు బిడ్డే లేదని నేను బజారులో అన్న మాట ఏ దేవుడైనా విన్నాడేమోనని భయం వేసింది. చెప్పాలంటే ఈ ఏడాదంతా నాకున్న భయం అదే. దగ్గు పేరు పెట్టుకొని తిరిగాను.

మొగ దగ్గర సముద్రం పోటు మీద ఉంది. వంతెన రెండు మైళ్లు. మూట నెత్తిన పెట్టుకొని దిగాను. నడుము దాకా వచ్చాయి నీళ్లు. ఒక అల ముఖాన కొట్టింది. నోట్లో ఉప్పు. అవతలి గట్టెక్కి, పేలికలు ఆరేసిన తీగను తలతో నెట్టుకుంటూ వెళ్లి నీలం తలుపు బాదాను.

సువర్ణ తలుపు తీసింది. నిలబడే ఉంది. చెయ్యి పట్టి చూశాను, చల్లగా ఉంది. నుదురు చూశాను, అదీ చల్లగానే ఉంది.

"నీకు బాగలేదన్నరు" అన్నాను.

"నాకేమైంది నాయినా?"

"బిడ్డకు బాగలేదన్నరు!"

అప్పుడు లోపల్నుంచి సన్నగా ఏడుపు వినిపించింది. సువర్ణ నా ముఖంలోకి చూసింది. లోపలికి వెళ్లి ఒక చిన్న గుడ్డల మూటను ఎత్తుకొని వచ్చింది. దానికి ముఖం ఉంది. కన్యకమ్మ గడ్డం.

"ఈ బిడ్డకు" అంది.

డిసెంబరు పదిహేనున ఆ మాట తేడా నేనే నా చేత్తో ఈ డైరీలో రాసుకున్నాను. ఇరవై ఎనిమిది రోజులు. చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలన్నది నా కోసమే పుట్టింది.

ఓవర్సీరు, అంటే జనార్దన్, డాక్టరును వెంటబెట్టుకొని మధ్యాహ్నానికి వచ్చాడు. నన్ను చూసి సైకిలు గోడకు ఆనించడం మరిచిపోయాడు, అది పడిపోయింది. "వచ్చారాండీ" అన్నాడు. "వచ్చిన" అన్నాను. సైకిలు నేనే లేపి గోడకు ఆనించాను. డాక్టరు చూసి పడిశపు జ్వరమే అన్నాడు, తడిగుడ్డ వేయమన్నాడు. కన్యకమ్మ చింపిన చీర గుడ్డలు నేను తడిపి ఇస్తుంటే సువర్ణ నుదుటి మీద వేసింది. సాయంత్రానికి ఒళ్లు చల్లబడింది.

ఈరోజు అష్టమి. పంచాంగం రెండుసార్లు చూశాను. ఏ పర్వమూ కాదు.

13 జనవరి

అన్నీ బయటపడ్డాయి.

సువర్ణ మూట విప్పి గిన్నె చేతిలోకి తీసుకుంది. "ఇది నా ఉగ్గుగిన్నె కద! అడుగున కషాయం మరక ఎందుకున్నది?" అంది. చెప్పాను. తర్వాత వసకొమ్ము తీసింది. "అమ్మ నిండు కొమ్ము పంపిన అని రాసిందే. సగం ఏమైంది?"

"నాకిన" అన్నాను.

జనార్దన్ నవ్వు ఆపుకోవడానికి పెరట్లోకి వెళ్లాడు. అయినా వినపడింది.

అమ్మ రాసిందంటే ఏమిటని అడిగాను. నేను వెనక్కి పంపిన మూడో ఉత్తరం మందంగా ఎందుకు ఉందంటే, అందులో నెల తప్పిందన్న కబురు, చీరాలలో దిగిన ఫోటో ఉన్నాయట. అది వెనక్కి రాగానే సువర్ణ నాలుగోది లక్ష్మీనర్సయ్య పేరున రాసింది. అప్పటినుంచి కన్యకమ్మ ఉత్తరాలన్నీ గుమాస్తా చేతి మీదుగా నడుస్తున్నాయి. కంపౌండరు చెప్పిన ఉప్పుగాలి డాక్టరు మాట కాదు, కన్యకమ్మ మాట. చీరాల బదిలీ సంగతి నా చెవిన వేసినది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది. లక్ష్మీనర్సయ్యే. వాడపల్లి సలహా కూడా నేను కాదంటానని తెలిసే ఇచ్చాడేమో. నేను ఆమె కళ్లు గప్పి వచ్చాననుకున్నాను. సంచి సర్ది, మూట కట్టి, టిక్కెట్టు ఇచ్చి పంపింది ఆమె.

"నేనొచ్చిన సంగతి నీకు మొదటి రోజే ఎరుకనా?" అన్నాను.

"ఎరుకే. దినాం కాలువ దాక వస్తుంటివి, మర్లిపోతుంటివి. కిటికీల కెల్లి చూస్తుంటిని. ఒక్కసారన్న పిలుద్దామని గొంతు దాక వస్తుండె" అంది. కళ్లు తుడుచుకుంది. "పిలవకు అని అమ్మ రాసింది. పిలిస్తే దగ్గు తగ్గిందని మిర్యాలగూడ పోతడట."

కన్యకమ్మకు నా సంగతి నాకంటే బాగా తెలుసు. నేను తప్పు చేశానని బిడ్డతో చెప్పాను. ఎట్లా చెప్పానో రాయను, అది మా ఇద్దరి మధ్య సంగతి.

16 జనవరి

మకాం సత్రం నుంచి క్వార్టరుకు మార్చాను. సత్రం దగ్గర గాలిలో ఉప్పు తక్కువ.

పాపకు మూడో నెల. ఇంకా పేరు పెట్టలేదు. అందుకే పాలెం అంతా బిడ్డ అనే పిలుస్తోంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో అన్నీ అయ్యాయి, పేరొక్కటే లేదు. ఎందుకని అడిగితే, "నువ్వొచ్చి పెడుతవని" అంది సువర్ణ. నేను రాకపోతే ఏం చేసేవారని అడగబోయి మానుకున్నాను.

ఆలోచిస్తున్నాను. ఈలోగా నేను "బిడ్డా" అంటే ఇద్దరూ తల తిప్పుతున్నారు.

22 జనవరి

ఆరో గవ్వ దొరికింది. జనార్దన్‌కు దొరికింది, నాకిచ్చాడు. పచ్చీసు ఆడాం. సువర్ణ మోకాలితో గవ్వ తిప్పింది. చూడనట్టు ఉన్నాను. పక్కకు చూస్తే అతను కూడా చూడనట్టు ఉన్నాడు.

2 ఫిబ్రవరి

రైళ్లు ఒకటీ అరా నడుస్తున్నాయని పాలెంలో చెప్పుకుంటున్నారు. ఈశ్వరమ్మ ప్రత్యేకంగా వచ్చి చెప్పింది. ఇక్కడ నాకు చెవులు సరిగా వినపడటం లేదు, గాలి హోరు.

కన్యకమ్మకు ఉత్తరం రాశాను. రైళ్లు ఇంకా లేవనీ, దగ్గు తగ్గలేదనీ, ఇంకో నెల ఉండక తప్పదని డాక్టరు అన్నాడనీ రాశాను. పాప సంగతి, సువర్ణ సంగతి ఒక్క ముక్క రాయలేదు. నేనూ కొన్ని దాచగలనని తెలియాలి కదా.

11 ఫిబ్రవరి

జవాబు వచ్చింది. ఆమె చెబుతుంటే లక్ష్మీనర్సయ్య రాసిన కార్డు. ఇక్కడ అతికిస్తున్నాను.

"రైళ్లు లేవని రాస్తిరి. చీరాల రైళ్లు నడుస్తున్నయని ఇక్కడ పేపర్ల పడ్డది. అయినా మీ మాట ఎందుకు తీసెయ్యాలె? గురువారం మన బియ్యం లారీ అటు పోతున్నది, ముందు సీట్ల కూసోని నేనే వస్తున్న. పౌర్ణమికి ఇద్దరం సముద్రంల మునుగుదాం. వసకొమ్ములు రెండు తెస్తున్న. ఒకటి బిడ్డకు, ఒకటి మీకు. ఇద్దరికి మాటలు రావాలె కద."